పీకిన ప్లగ్గు, పండిన తాటిపండు

పండగ ముందు గోడలకు సున్నం వేయాలనో, గది మార్చాలనో, ఆకాశం ఉరుముతోందనో డెస్క్‌టాప్ కంప్యూటర్ ప్లగ్గు పీకుతారు. పనయ్యాక మళ్లీ పెట్టి బటన్ నొక్కితే ఉలుకూ ఉండదు, పలుకూ ఉండదు. నిన్న రాత్రి దాకా నిక్షేపంలా నడిచిన యంత్రం కాబట్టి నేరం వెంటనే ప్లగ్గు పీకిన చేతి మీద పడుతుంది. తర్కశాస్త్రంలో కాకతాళీయం అనే మాట ఉంది: కాకి వచ్చి వాలడం, అదే క్షణంలో తాటిపండు రాలడం. ఆ రెంటికీ పొత్తు లేదని చెప్పడానికే శాస్త్రకారులు ఆ మాట వాడారు. కంప్యూటర్ సంగతిలో మాత్రం పొత్తు బొత్తిగా లేదనలేం. పండు అప్పటికే పండి తొడిమ వదులై ఉంది, కాకి బరువు దానికి తోడైంది. ప్లగ్గు తీశాక లేవని కంప్యూటర్‌ను చాలాసార్లు పట్టి పీడించేది పాత జబ్బే. ఆగకుండా అందుతున్న కరెంటు ఆసరాతో అది ఆ జబ్బును దాచుకుంటూ వచ్చింది. నా వాదన ఇంతే. ఇది నిజమైతే మరమ్మతు మొదలుపెట్టే ప్రశ్న మారాలి. పీకినప్పుడు ఏం విరిగిందని వెతికితే దొరకదు. పీకేదాకా ఈ యంత్రం దేన్ని పట్టుకుని నిలబడిందని అడగాలి.

ఆ ఆసరా ఎక్కడిదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే ప్రమాణాన్ని తెచ్చింది. అంతకుముందు ఏటీ రకం కంప్యూటర్లలో ముందున్న స్విచ్ నిజంగానే స్విచ్చు. గోడ నుంచి వచ్చిన కరెంటు తీగ అక్కడి దాకా వచ్చి తెగేది, కలిసేది. సాయంత్రం ఆపితే గడియారం సెల్లు తప్ప యంత్రంలో ఎక్కడా ప్రాణం ఉండేది కాదు, పొద్దున్నే అంతా మొదటి నుంచి మొదలు. ఏటీఎక్స్ బటన్ అలా కాదు. అది కరెంటును కలపదు, మదర్‌బోర్డుకు ఒక విన్నపం పంపుతుంది. విన్నపం వినడానికి లోపల ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి. అందుకని మనం ఎస్ఎంపీఎస్ అని పిలిచే పవర్ సప్లై డబ్బాలో ఒక చిన్న సర్క్యూట్, ప్లగ్గు గోడలో ఉన్నంతకాలం, ఊదారంగు తీగ మీద 5 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. దీన్నే స్టాండ్‌బై అంటారు. షట్‌డౌన్ చేశాక కంప్యూటర్ నిద్రపోయిందని మనం అనుకుంటాం. ఈ భాగం మాత్రం ఐదేళ్లలో 43,800 గంటలు కంటి మీద కునుకు లేకుండా పనిచేసి ఉంటుంది. ఏటీ యంత్రం రోజూ రాసిన పరీక్షను ఏటీఎక్స్ యంత్రం ఏళ్లకేళ్లు ఎగ్గొట్టింది. ప్లగ్గు పీకిన రోజు ఆ పరీక్ష రాయక తప్పలేదు.

ఆ పరీక్షలో ముందుగా తప్పేది స్టాండ్‌బై భాగంలోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. దాని లోపల ద్రవం ఉంటుంది, వేడికి మెల్లగా ఇగిరిపోతుంది. తయారీదారులు 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇన్ని గంటలని దానికి ఆయువు రాస్తారు. వేడి 10 డిగ్రీలు తగ్గిన కొద్దీ ఆయువు రెట్టింపవుతుందన్నది ఇంజనీర్లు వాడే మోటు లెక్క. 2,000 గంటల కెపాసిటర్ 65 డిగ్రీల వేడిలో ఉందనుకుందాం. నాలుగుసార్లు రెట్టింపు చేస్తే 32,000 గంటలు, అంటే సుమారు మూడేళ్ల ఎనిమిది నెలలు. షట్‌డౌన్ చేశాక ఫ్యాను తిరగదు, డబ్బాలో గాలి కదలదు, స్టాండ్‌బై ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఇరుక్కున్న కెపాసిటర్‌కు అంత వేడి పెద్ద విశేషం కాదు. అయితే ద్రవం ఇగిరిన కెపాసిటర్‌తో కూడా యంత్రం ఇన్నాళ్లు ఎలా నడిచిందన్నది అసలు ప్రశ్న. జవాబు ఆ సర్క్యూట్ కట్టుబడిలోనే ఉంది. మన 230 వోల్టుల కరెంటు లోపల సుమారు 325 వోల్టుల డీసీగా మారుతుంది. చాలా డిజైన్లలో లక్షల ఓముల రెసిస్టర్ ఒకటి అందులోంచి బొట్టుబొట్టుగా కరెంటు తీసి ఒక చిన్న కెపాసిటర్‌ను నింపుతుంది. అది నిండితే కంట్రోలర్ చిప్పు కళ్లు తెరుస్తుంది. తెరిచాక ఆ బొట్ల మీద ఆధారపడదు, ట్రాన్స్‌ఫార్మర్‌లోనే మరో చుట్ట నుంచి తన తిండి తాను తెచ్చుకుంటుంది. బురదలో దిగబడిన బండిని కదిలించడానికి నలుగురు భుజం పట్టాలి, కదిలాక ఎద్దులే లాక్కుపోతాయి. రెసిస్టర్ తెగిపోయినా, చిన్న కెపాసిటర్ ఎండిపోయినా నడుస్తున్న బండికి ఆ లోటు తెలియదు. ఆపితే మాత్రం మళ్లీ కదలదు. ప్లగ్గు పీకడం బండిని ఆపింది, అంతే.

ఇది ఊహ కాదని తేల్చుకోవడానికి ఒక మామూలు మల్టీమీటర్ చాలు. మదర్‌బోర్డులో గుచ్చి ఉన్న 24 పిన్నుల కనెక్టర్ వెనక నుంచి ఊదా తీగకూ నల్ల తీగకూ మధ్య కొలవాలి. ప్లగ్గు పెట్టి, వెనకవైపు స్విచ్ వేసి, బటన్ నొక్కక ముందే అక్కడ 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య కనిపించాలి. ఏమీ లేకపోతే, లేదా మూడు, నాలుగు వోల్టుల దగ్గర ఊగుతుంటే, ఆ కనెక్టర్‌ను బోర్డు నుంచి లాగి మరోసారి కొలవాలి. అప్పుడూ అంతేనంటే ఎస్ఎంపీఎస్ పోయింది. విడిగా ఉన్నప్పుడు 5 వచ్చి, బోర్డుకు తగిలించగానే పడిపోతే అనుమానం బోర్డు వైపు తిరుగుతుంది. ఊదా తీగ బాగుంటే తర్వాత ఆకుపచ్చ తీగ. మామూలుగా అక్కడ 5కు దగ్గరగా ఉంటుంది. బటన్ నొక్కగానే బోర్డు దాన్ని 0.8 వోల్టు కిందికి లాగాలి. లాగలేదంటే బటనో, దాని తీగో, బోర్డో చూడాలి. లాగినా ఫ్యాను తిరగలేదంటే ఎస్ఎంపీఎస్ మొండికేసినట్టు, లేదా ఎక్కడో షార్టు ఉండి అది తనను తాను కాపాడుకుంటున్నట్టు. ఇక బూడిదరంగు తీగ. మిగతా వోల్టేజీలు కుదురుకున్నాక 100 నుంచి 500 మిల్లీసెకన్లలో అది 5కు లేచి, అంతా బాగుందని ప్రాసెసర్‌కు కబురు చెప్పాలి. ఫ్యాన్లు తిరుగుతూ తెర నల్లగా ఉంటే ఈ కబురు అందిందో లేదో చూడటం దండగ కాదు. ఈ మధ్య వస్తున్న ఎస్ఎంపీఎస్‌లలో తీగలన్నీ నల్లగానే ఉంటున్నాయి, అలాంటప్పుడు వరుసగా 9, 16, 8 నంబర్ల పిన్నులు లెక్కపెట్టుకోవాలి. ఈ కొలతలన్నీ కనెక్టర్ దగ్గరే, చిన్న వోల్టేజీల మీదే. డబ్బా మూత మాత్రం తీయకూడదు. లోపలి పెద్ద కెపాసిటర్ ప్లగ్గు తీశాక కూడా ప్రాణం తీసేంత చార్జి దాచుకోగలదు.

ఇదంతా ప్లగ్గును నిర్దోషిగా వదిలేయడానికి అల్లిన కథ అని ఎవరైనా అంటే అందులో కొంత న్యాయం ఉంది. ప్లగ్గు నిజంగా నేరం చేసే సందర్భాలు ఉన్నాయి. ఖాళీగా ఉన్న పెద్ద కెపాసిటర్ కరెంటు తగలగానే కొన్ని మిల్లీసెకన్ల పాటు పదుల ఆంపియర్లు మింగుతుంది. సాకెట్‌లో చిటుక్కుమని నిప్పురవ్వ కనిపించేది అందుకే. ఈ ఆవేశాన్ని అణచడానికి చాలా ఎస్ఎంపీఎస్‌లలో థర్మిస్టర్ ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు అడ్డుపడుతుంది, వేడెక్కాక దారి ఇస్తుంది. నడుస్తున్న కంప్యూటర్ ప్లగ్గు లాగి, కొద్ది సెకన్లు ఆగి పెడితే కెపాసిటర్ ఖాళీ అయ్యే ఉండొచ్చు కానీ థర్మిస్టర్ ఇంకా వేడిగానే ఉంటుంది, అడ్డు సరిగా ఉండదు, ఆ దెబ్బ ఫ్యూజు మీదో డయోడ్ల మీదో పడుతుంది. కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయే మన వేసవి సాయంత్రాలకు కూడా ఈ లెక్కే. యంత్రం లేవగానే మొదట నడిచే బయాస్ అనే ప్రోగ్రాంకు అప్‌డేట్ నడుస్తుండగా ప్లగ్గు పీకితే మదర్‌బోర్డు చచ్చిపోవచ్చు, దానికి వాదన అక్కర్లేదు. పాత ఎస్ఎంపీఎస్‌ల వెనక 115, 230 అని ఎర్ర మీట ఉండేది. తుడుస్తూ, జరుపుతూ అది 115 వైపు తిరిగితే, ప్లగ్గు పెట్టగానే లోపల దాదాపు 650 వోల్టులు తయారై కెపాసిటర్లు ఢామ్మంటాయి. ఒప్పుకోవాల్సినవి ఇవి. అయితే ఆ మీట సంగతి తప్పిస్తే, వీటిలో ఒక్కటీ షట్‌డౌన్ చేసి, నిదానంగా ప్లగ్గు తీసి, మర్నాడు పెట్టిన యంత్రానికి వర్తించదు. మనం మాట్లాడుకుంటున్నది ఆ యంత్రం గురించే.

రెండో ఆసరా మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా మెరిసే సీఆర్2032 సెల్లు. 1984లో వచ్చిన ఐబీఎం పీసీ/ఏటీలో మోటరోలా గడియారం చిప్పు ఉండేది. దానిలో మొత్తం 64 బైట్ల జ్ఞాపకం, అందులో 50 బైట్లు యంత్రం అమరికలు రాసుకోవడానికి. ఆ ఏర్పాటు వారసత్వమే ఇవాళ్టికీ నడుస్తోంది. సెల్లు సామర్థ్యం సుమారు 220 మిల్లీ ఆంపియర్ అవర్లు. గడియారం 5 మైక్రో ఆంపియర్లు తాగుతుందనుకుంటే 44,000 గంటలు, అంటే ఐదేళ్లు. కానీ ప్లగ్గు పెట్టి ఉన్నంతసేపు గడియారానికి తిండి స్టాండ్‌బై నుంచే వస్తుంది, సెల్లు మీద భారం దాదాపు ఉండదు. అందువల్ల సెల్లు వయసు మీరి చచ్చిపోయినా ఎవరికీ తెలియదు. ప్లగ్గు పీకిన మరుక్షణం గడియారం ఆగుతుంది, చాలా బోర్డుల్లో అమరికలు చెరిగిపోతాయి. మళ్లీ వేస్తే తేదీ ఏ పాత సంవత్సరానికో వెనక్కి వెళ్లి ఉంటుంది, ఎఫ్1 నొక్కమని తెర అడుగుతుంది, బ్రౌజర్ ప్రతి వెబ్‌సైటునూ నమ్మదగదని అంటుంది. కొన్ని బోర్డులు సెల్లు మరీ చచ్చిపోతే అసలు లేవడానికే మొరాయిస్తాయి.

ఇక్కడ మన రిపేరు షాపుల అలవాటు ఒకదాన్ని తప్పుపట్టక తప్పదు. అమరికలు చెరిగితే హార్డ్ డిస్కును చదివే పద్ధతి కూడా మొదటి స్థితికి పోతుంది. రెయిడ్ పద్ధతిలో విండోస్ ఎక్కించిన యంత్రం ఏహెచ్‌సీఐకి మారితే విండోస్ సగంలో నీలం తెర చూపించి చతికిలబడుతుంది. పాత పద్ధతిలో ఎక్కించిన విండోస్‌ను బోర్డు యూఈఎఫ్ఐ అనే కొత్త దారిలో వెతికితే దానికి విండోసే కనిపించదు. డిస్కులో ఒక్క అక్షరం చెరగలేదు, దాన్ని చేరే దారి మాత్రం మారింది. బయాస్‌లోకి వెళ్లి ఆ ఒక్క అమరికను యథాస్థితికి తెస్తే ఐదు నిమిషాల పని. దానికి బదులు, విండోస్ పాడైందని చెప్పి ఫార్మాట్ కొట్టేస్తారు. పిల్లల ఫొటోలు, దుకాణం లెక్కలు, పదేళ్ల ఉత్తరాలు పోతాయి. సెల్లు మార్చకపోవడం వల్ల వచ్చే పండక్కి ప్లగ్గు పీకగానే జబ్బు తిరగబెడుతుంది కూడా. తేదీ తప్పుగా ఉందా అని మొదట చూసే మెకానిక్ దగ్గరికి వెళ్లడం మంచిది. ఫార్మాట్ మాట మొదట ఎత్తేవాడి దగ్గర యంత్రం వదలకపోవడం ఇంకా మంచిది.

కొత్త యంత్రాలకు మరో రకం ఆసరా వచ్చి చేరింది. డీడీఆర్5 ర్యామ్ వాడే బోర్డులు, 2022లో వచ్చిన ఏఎండీ ఏఎం5 రకం లాంటివి, ర్యామ్‌తో మాట్లాడటానికి ముందు సంకేతాల వేళలను సరిచూసుకుంటాయి. ఒకసారి సరిచూసుకున్నది గుర్తుపెట్టుకుని తర్వాత తొందరగా లేస్తాయి. అమరికలు చెరిగితే ఆ తంతు మళ్లీ మొదలు. ఫ్యాన్లు తిరుగుతుంటాయి, తెర నల్లగా ఉంటుంది, నిమిషాలు గడుస్తాయి. ఓపిక పట్టలేక బటన్ నొక్కి ఆపి, మళ్లీ వేస్తే అది మళ్లీ మొదటికే వస్తుంది. అలా నాలుగుసార్లు చేసి బోర్డు పోయిందని తీర్మానించేవాళ్లకు మందు ఒక్కటే, పది నిమిషాలు టీ తాగి రావడం.

మరో మాట. ప్లగ్గు ఎప్పుడూ ఒంటరిగా పీకరు. దాంతోపాటు కేబినెట్ జరుగుతుంది, తిరగబడుతుంది, వైర్లన్నీ ఊడివస్తాయి. మళ్లీ తగిలించేటప్పుడు మానిటర్ తీగను గ్రాఫిక్స్ కార్డులో కాక మదర్‌బోర్డు రంధ్రంలో పెడతారు. వెనకవైపు చిన్న స్విచ్ ఆఫ్‌లోనే ఉండిపోతుంది. ర్యామ్ ముక్క అర మిల్లీమీటరు లేస్తుంది. స్పైక్ బస్టర్‌లో వదులైన సాకెట్ పది వాట్ల ఫోను చార్జర్‌ను నడిపిస్తుంది కానీ ఎస్ఎంపీఎస్ మొదటి గుక్కను భరించలేదు. కాబట్టి చార్జర్ పెట్టి చూసి కరెంటు వస్తోందనుకోవడం చాలదు. యూపీఎస్‌నూ ఎక్స్‌టెన్షన్‌నూ తప్పించి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టి చూడాలి. ర్యామ్ కాళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్దే మన సంప్రదాయం ఎందుకు ఫలిస్తుందో కూడా ఇక్కడే అర్థమవుతుంది. చాలాసార్లు ఫలించేది రబ్బరు కాదు, తీసి మళ్లీ గట్టిగా నొక్కి పెట్టడం. రబ్బరు పల్చటి బంగారు పూతను కొంచెం కొంచెంగా గీకేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డ ఆ పని నష్టం లేకుండా చేస్తుంది.

ఇంత శాస్త్రం దేనికి, ప్లగ్గు తీసి బటన్‌ను ముప్పై సెకన్లు నొక్కిపట్టు, అదే లేస్తుంది అనే వర్గం ఒకటుంది. తయారీదారుల మార్గదర్శకాల్లోనూ ఆ సలహా ఉంటుంది, అది పనిచేసే సందర్భాలూ నిజమే. వోల్టేజీ గతి తప్పినప్పుడు ఎస్ఎంపీఎస్ తనకు తాను గొళ్లెం వేసుకుంటుంది. లోపల మిగిలిన చార్జి పూర్తిగా పోతే తప్ప కొన్ని రకాల్లో ఆ గొళ్లెం ఊడదు. బటన్ నొక్కడం వల్ల బోర్డు లేవబోయి ఆ మిగిలిన చార్జిని తాగేస్తుంది. చిత్రమేమంటే మందు కూడా ప్లగ్గు పీకడమే. జబ్బూ మందూ ఒకటే అయినప్పుడు ఆ పని అసలు కారణం కాదని ఈ వర్గమే సాక్ష్యం చెబుతున్నట్టు. ఎండిన కెపాసిటర్‌కు మాత్రం ఆ ముప్పై సెకన్లు మేలు చేయవు. మరో వర్గం మార్చి చూడమంటుంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట మంచి ఎస్ఎంపీఎస్ ఒకటి తగిలించి చూడటం ఏ మీటర్ కన్నా గట్టి సాక్ష్యమే, సందేహం లేదు. నా అభ్యంతరం వరుస గురించి. కొలవక ముందే మార్చడం మొదలుపెడితే ఎస్ఎంపీఎస్, ర్యామ్, బోర్డు అని బిల్లు పెరుగుతూ పోతుంది, చివరికి తేలేది సెల్లు. సెల్లు తీసి అమరికలు చెరిపేయడానికీ ఇప్పుడు ఒక ముందస్తు జాగ్రత్త కావాలి. విండోస్ 11 యంత్రాల్లో చాలావాటికి డిస్కు తాళం పడి ఉంటుంది. బోర్డు అమరికలు మారితే అది 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ కీ ఉందో లేదో ఫోనులో చూసుకుని సెల్లు మీద చేయి వేయాలి.

అయితే ఎప్పుడూ ప్లగ్గు పీకకుండా ఉంటే పోలేదా? ఈ ప్రశ్న తేలిగ్గా తీసేయదగ్గది కాదు. కరెంటు ఆదా పెద్ద కారణం కాదు. ఐరోపా సమాఖ్య 2013 నుంచి ఇళ్లలో, ఆఫీసుల్లో వాడే చాలా పరికరాలకు ఆఫ్‌లో ఉన్నప్పుడు అర వాటు హద్దు పెట్టింది. ఆ లెక్కన ఏడాదికి నాలుగున్నర యూనిట్లు కూడా కావు. పిడుగులు మాత్రం పెద్ద కారణం. దూరాన పడిన పిడుగు తీగల మీద తెచ్చే వోల్టేజీ ముందు స్టాండ్‌బై సర్క్యూట్ నిలవదు. వర్షాకాలంలో ప్లగ్గు పీకడం సరైన పనే. దాంతోపాటు ఇంటర్నెట్ ల్యాన్ తీగను కూడా లాగకపోతే సగం పనే చేసినట్టు. ఆపడం, వేయడం వల్ల అరుగుదల పెరుగుతుందనే వాదనకు గూగుల్ ఇంజనీర్లు 2007లో లక్షకు పైగా హార్డ్ డిస్కుల మీద ప్రచురించిన పరిశీలన పనికొస్తుంది. కొత్త డిస్కుల్లో ఆ సంబంధం కనిపించలేదు, మూడేళ్లు దాటిన వాటిలో కనిపించింది. అక్కడ కూడా వాళ్లు ఒక హెచ్చరిక చేర్చారు: పాడైన యంత్రాలను బాగుచేయడానికే మాటిమాటికీ ఆపి ఉండొచ్చు, అంటే అది కారణం కాక ఫలితం కావచ్చు. కాకీ తాటిపండూ మళ్లీ ఎదురుపడ్డాయి. పైగా ప్లగ్గు ఎన్నడూ పీకకపోయినా మన ఊళ్లలో కరెంటు పోకుండా ఉండదు. పండిన పండును కాకి కాకపోతే గాలి రాలుస్తుంది.

అన్నిటికన్నా మోసం చేసేది తనంతట తాను లేచే కంప్యూటర్. రాత్రి ప్లగ్గు పెట్టి బటన్ నొక్కితే చలనం లేదు. అలాగే వదిలేస్తే పొద్దెక్కాక లేచి కూర్చుంటుంది. ఇల్లంతా ఊపిరి పీల్చుకుని ఆ సంగతి మరిచిపోతుంది. ఎండిన కెపాసిటర్ లోపలి నిరోధం చలికి పెరుగుతుంది, వెచ్చదనానికి తగ్గుతుంది. మధ్యాహ్నం వేడికో, ప్లగ్గులో గంటల తరబడి ఉండి లోపల కాస్త వెచ్చబడినందుకో దాని ప్రయత్నం ఆ ఒక్కసారి ఫలించి ఉండొచ్చు. అలాంటి యంత్రం లేవగానే చేయాల్సిన పనులకు వరుస ఉంది. షట్‌డౌన్ చేయకూడదు, ప్లగ్గు ముట్టకూడదు. ముందు ఫైళ్లన్నీ మరో డిస్కులోకి కాపీ కావాలి. డిస్కు తాళం కీ కాగితం మీద రాసుకోవాలి. బయాస్‌లోని అమరికలను ఫోనుతో ఫొటో తీయడానికి యంత్రాన్ని రీస్టార్ట్ చేయొచ్చు, స్టాండ్‌బై అప్పుడు ఆగదు కాబట్టి. కొత్త ఎస్ఎంపీఎస్, కొత్త సెల్లు చేతికొచ్చాకే ప్లగ్గు పీకాలి.